అందరి దగ్గరా ఒక కాపీ

మా అమ్మాయి పోయిన రోజు మధ్యాహ్నం నేను ఎనిమిదో తరగతి పిల్లలకు భిన్నాల భాగహారం చెబుతున్నాను. హెడ్మాస్టరు గది నుంచి కబురు వచ్చింది. పిల్లలు రాసుకుంటున్నారు కదా అని, బోర్డు మీద సగంలో ఆగిన లెక్కను పూర్తి చేసి వెళ్ళాను.

అమ్మాయి వేరే ఊళ్ళో ఒక కళ్ళద్దాల దుకాణంలో పనిచేసేది. భర్త నుంచి తప్పించుకుని ఆ ఊరు వెళ్ళి ఏడాది దాటింది. ఆ వేళప్పుడు ఒక పెద్దావిడ కళ్ళు పరీక్ష చేయించుకుంటోంది. ఆమె ముఖానికి ఇనుప ఫ్రేము తగిలించి, అందులో ఒక్కో అద్దమూ వేస్తూ, ఇప్పుడు బాగుందా ఇందాక బాగుందా అని అమ్మాయి అడుగుతోంది. మా అల్లుడు తలుపు తోసుకుని లోపలికి వచ్చాడు. చేతిలో కారు టైరు విప్పే ఇనుప రాడ్డు ఉంది. మొదటి దెబ్బ ఎడమ ముంజేతి మీద పడింది. తలను కాచుకోవడానికి చెయ్యి అడ్డం పెట్టింది కనక. రెండోది భుజం మీద. మూడోది తల మీద. ఆ తరవాతవి దుకాణం యజమాని లెక్కపెట్టలేదు. అడ్డం వెళ్ళినందుకు ఆయన మోకాలిచిప్ప పగిలి, కౌంటరు కింద పడి ఉన్నాడు. పెద్దావిడ ఆ ఫ్రేముతోనే వీధిలోకి పరుగెత్తింది. కళ్ళకు ఆ అద్దాలుండడం వల్ల ఆమెకు అంతా మసకగా కనిపించిందట. అంతవరకు ఆమె అదృష్టవంతురాలు.

అల్లుడు పారిపోలేదు. దుకాణం మెట్టు మీద కూర్చుని పోలీసులు వచ్చేదాకా చెప్పుల్లో దూరిన గాజుముక్కలు తీసుకుంటూ ఉన్నాడు.

అమ్మాయి అడ్రసు ఎవరెవరికి తెలుసని మా ఊరి ఇన్‌స్పెక్టరు నన్ను అడిగాడు. ముగ్గురికి: నాకు, నా కొడుక్కి, నా తమ్ముడికి. మేము ఎవరికీ చెప్పలేదు. ఇన్‌స్పెక్టరు, మీ అల్లుడు మాత్రం ఇంటర్నెట్లో దొరికిందంటున్నాడు అన్నాడు. ఏడాదిగా రోజూ పొద్దున్నే కాఫీ తాగే ముందు ఆమె పేరు కొట్టి వెతికేవాడట. వారం కిందట దొరికిందట. ఇన్‌స్పెక్టరు తన ఫోన్లో ఆ పేజీ తీసి చూపించాడు. పైన మా తమ్ముడు పనిచేసే ఎముకల ఆసుపత్రి పేరు ఉంది. కింద మా అమ్మాయి పేరు, వయసు, విరిగిన ఎముక, ఇంటి నంబరు, వీధి.

ఆ పేజీ అక్కడికి ఎలా వచ్చిందో చెప్పాలి.

మా అమ్మాయి చెయ్యి మొదటిసారి విరిగినప్పుడు బాత్రూములో జారిపడ్డానంది. మేమంతా నమ్మాం. రెండోసారి విరిగినప్పుడు ఎక్స్‌రేని మా తమ్ముడు వెలుగుకు ఎత్తి పట్టుకుని చాలాసేపు చూశాడు. వాడు డాక్టరు కాదు. ఆ ఆసుపత్రి పరిశోధనా విభాగంలో ప్రోగ్రాములు రాసేవాడు. కానీ ఎముకల మధ్య పదేళ్ళుగా తిరుగుతున్నాడు. కింద పడ్డ మనిషి అరచెయ్యి నేలకు ఆనిస్తాడు, అప్పుడు మణికట్టు దగ్గర విరుగుతుంది. దెబ్బ కాచుకున్న మనిషికి ముంజేతి మధ్యలో విరుగుతుంది. మేనకోడలి చెయ్యి మధ్యలో విరిగి ఉంది.

ఆ తరవాతే వాడు ఆ ప్రోగ్రాం మొదలుపెట్టాడు. ఎక్స్‌రే చూపిస్తే అది పడిన ఎముకో, కొట్టిన ఎముకో, దెబ్బ ఎటునుంచి వచ్చిందో చెబుతుంది. ఆ విభాగానికి పెద్ద అయిన డాక్టరమ్మ దానికి ఒక గది ఇచ్చింది. ఆరేళ్ళలో అందులో చాలామంది చెయ్యి పడింది. ఎక్స్‌రేలు తీసేవాళ్ళు, ఎముక విరిగిన చోట గుర్తులు పెట్టే నర్సులు, చదువుకోవడానికి వచ్చి వెళ్ళిపోయిన కుర్రవాళ్ళు. ప్రోగ్రాంలో ఏ చిన్న మార్పు చేసినా, ముందు తమకు బాగా తెలిసిన పద్నాలుగు ఎక్స్‌రేల మీద నడిపి చూసేవారు. వాటికి నంబర్లు పెట్టవచ్చు. మా తమ్ముడు ఒప్పుకోలేదు. ఎవరి ఎముకో మరచిపోతే పని పాడవుతుంది, మనుషుల పేర్లతోనే పిలవాలన్నాడు. మా అమ్మాయిని చిన్నప్పటినుంచి వాడు పిచ్చుక అనేవాడు. ల్యాబులో ఎవరైనా మార్పు చేస్తే పక్కవాళ్ళు అడిగేది, పిచ్చుక పాసైందా అని. పద్నాలుగు మందీ దెబ్బలు తిన్న ఆడవాళ్ళే. వాళ్ళను మళ్ళీ మళ్ళీ ఎక్స్‌రేకి పిలవాలి కాబట్టి, ఎవరు ఎక్కడికి మారినా కొత్త అడ్రసు ఆ ఫైల్లో రాసుకునేవారు.

ప్రోగ్రాం పేరు కోర్టుల దాకా వెళ్ళింది. అవతలి లాయర్లు ఒకటే మాట పట్టుకున్నారు: నాలుగు గోడల మధ్య రాసుకున్నదాన్ని ఎలా నమ్మడం? లోపల ఏముందో చూసినవాళ్ళెవరు? దాంతో డాక్టరమ్మ, తమ్ముడు కలిసి దాన్ని అందరికీ తెరిచేద్దామనుకున్నారు. ఓపెన్ సోర్స్ అంటారు. ఎవరైనా తీసుకోవచ్చు, చదవచ్చు, తప్పు పట్టవచ్చు, దిద్దవచ్చు. ఆ రోజుల్లో మా తమ్ముడి మొహం చూస్తే పెళ్ళికొడుకులా ఉండేది. తెరిచిన వారంలోనే ఎక్కడెక్కడి వాళ్ళో వచ్చారు. మొదట వచ్చినతను అక్షరదోషాలు దిద్దాడు. రెండో ఆమెకు ప్రోగ్రాం అసలు నడవలేదు. తీరా చూస్తే అది ల్యాబులోని పాత ప్రింటరు కనిపిస్తేనే కదిలేలా రాసి ఉంది. ఆరేళ్ళలో ఆ సంగతి ఎవరికీ తట్టలేదు, ప్రింటరు ఎప్పుడూ అక్కడే ఉంది కనక. ముళ్లపంది అనే మారుపేరుతో రాసే ఒకతను అందరి ముందూ అడిగాడు: "అయ్యా, మీ ఆసుపత్రిలో ప్రింటరు పాడైతే ఎముకలు అతకడం కూడా ఆపేస్తారా?" తమ్ముడు ఆ మాట నాకు ఫోన్లో చదివి వినిపించి, నవ్వు ఆపుకోలేక ఫోను పెట్టేశాడు. ఆ ముళ్లపందే తరవాత ప్రోగ్రాంలో ఒక పెద్ద తప్పు పట్టుకుని, దిద్ది పంపాడు.

తెరిచే ముందు పేషెంట్ల ఫైలు తీసేశారు. తమ్ముడే తీశాడు, డాక్టరమ్మ సరిచూసింది. కానీ అలాంటి పనుల్లో ప్రతి మార్పు వెనకా పాతది అలాగే దాచి ఉంటుందట. తప్పు లెక్కను ఒక గీతతో కొట్టేస్తే కింద అంకెలు కనిపిస్తూనే ఉంటాయి కదా, అలాగ. పాత మార్పులన్నీ వదిలేసి, కొత్త పేజీ మీద మొదలుపెడదామని డాక్టరమ్మ అంది. తమ్ముడు వద్దన్నాడు. ఆ మార్పుల పక్కనే ఎవరు చేశారో వాళ్ళ పేర్లుంటాయి. అవి పోతే నర్సులూ కుర్రవాళ్ళూ ఆరేళ్ళు చేసిన పనికి గుర్తు ఉండదు. అందరి పనీ నా ఒక్కడి పేరు మీద వెళ్ళడం అన్యాయం, అన్నాడు. డాక్టరమ్మ ఒప్పుకుంది. ఫైలు ఒకప్పుడు అక్కడ ఉండేదన్న సంగతి ఆ నిమిషంలో ఇద్దరికీ గుర్తు రాలేదు.

కర్మకాండలు ముగియకముందే తమ్ముడు ఇంటికి వచ్చాడు. అప్పటికి నాకు సంగతంతా తెలుసు. నా కొడుక్కీ తెలుసు. తమ్ముడు చెప్పులు విప్పి, ముందుగదిలో నిలబడి, "అక్కా, నా వల్లే" అన్నాడు. ఇంకేదో అనబోయాడు. నా కొడుకు చెక్క కుర్చీ ఎత్తి మొహం మీద కొట్టాడు. దవడ విరిగిన చప్పుడు నాకు వినిపించింది. తమ్ముడు గోడకు తగిలి జారిపోయాడు. చెయ్యి ఎత్తకూడదనుకున్నట్టు మొదట రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాడు. కుర్చీ రెండోసారి లేచేసరికి కుడిచెయ్యి దానంతటదే లేచింది. ఎవరి చెయ్యైనా లేస్తుంది. కుర్చీ కోడు విరిగింది, చెయ్యీ విరిగింది. నా కొడుకు చేతిలో మిగిలిన కోడుతో వీపు మీద, డొక్కలో కొడుతూ, "దాని అడ్రసు రాయడానికి నువ్వెవడివి మావయ్యా" అని అడుగుతూనే ఉన్నాడు. గట్టిగా కాదు, మామూలు గొంతుతో. తమ్ముడి నోట్లోంచి రక్తం నా గడప మీద పడింది.

నేను, చాలు అన్నాను. కొడుకు ఆపి, కోడు పక్కన పెట్టి, వెళ్ళి వంటింట్లో చేతులు కడుక్కున్నాడు.

ఆసుపత్రిలో తమ్ముడు కాగితం మీద ఎడమచేత్తో వంకరటింకరగా రాసిచ్చాడట, మెట్ల మీద జారిపడ్డానని. ఆ సంగతి చెప్పడానికి డాక్టరమ్మ మా ఇంటికి వచ్చింది. సన్నగా, నెరిసిన జుట్టుతో, తక్కువ మాట్లాడే మనిషి. విరిగిన కుర్చీ ఇంకా అక్కడే ఉంది. దాని వంక చూసి, చూడనట్టు ఇంకో కుర్చీలో కూర్చుంది.

"జారిపడ్డానంటాడు. తను రాసిన ప్రోగ్రాం మాత్రం కాదంటోంది. నేను రెండుసార్లు నడిపి చూశాను."

కేసు పెడతారా అని అడిగాను. తను పెట్టనంటున్నాడు, అంది. ఆమె వచ్చిన అసలు పని అది కాదు.

పేజీని ఆసుపత్రివాళ్ళు ఆ రోజే మూసేశారు. కానీ అంతకుముందే చాలామంది కాపీలు తీసుకుని ఉన్నారు. తీసుకోమనే కదా తెరిచింది. ప్రతి కాపీలోనూ పాత మార్పులున్నాయి, ఆ ఫైలుంది. దాంట్లో మా అమ్మాయి కాక ఇంకా పదమూడు మంది. అందరికీ ఫోన్లు చేసి అడ్రసులు మార్పిస్తున్నారట. అయినా పేర్లు అందులో ఉన్నంతకాలం ఎవడో ఒకడు వెతుకుతాడు. కాపీలు తీసుకున్నవాళ్ళకు ఒక్కొక్కరికీ రాసి, తీసేయమని అడగాలి. అందులో చిక్కేమిటంటే, ఎందుకో చెప్పకూడదు. చెప్తే, వెతకాల్సింది ఎక్కడో ఊరందరికీ చూపించినట్టే. తమ్ముడికి దవడ కట్టేశారు, కుడిచెయ్యి పిండికట్టులో ఉంది. ల్యాబులో మిగిలినవాళ్ళు రాస్తే ఆఫీసు ఉత్తరంలా ఉంటోంది, చదివినవాడికి అనుమానం పుడుతోంది.

"మీరు మాటలు జాగ్రత్తగా రాస్తారని మీ తమ్ముడు చెప్పేవాడు" అంది డాక్టరమ్మ. "అడగకూడని సమయం. అయినా అడుగుతున్నాను."

ఆలోచించుకుని చెబుతానన్నాను. మర్నాడు పద్నాలుగు మందిలో ఒకామె నాకే ఫోన్ చేసింది. బస్సు కండక్టరు. నంబరు డాక్టరమ్మ దగ్గర తీసుకుందట. నా కూతురి గురించి తెలిసి మాట్లాడదామని చేశానంది, మాట్లాడలేకపోయింది. ఆమె వెనక నుంచి బస్సు హారను, ఎవరో చిల్లర అడగడం వినిపిస్తున్నాయి. ఆమె భర్త జైలునుంచి వచ్చి నెల అయిందట. లోపలికి పోకముందు ఆమె మెడ మీద కాలు వేసి తొక్కాడు. రెండు నెలలు మెడకు పట్టా పెట్టుకుంది. ఇప్పుడు మళ్ళీ ఇల్లు మారింది, పాపను ఇంకా కొత్త బడిలో వేయాలి. భయంగా ఉందా అని అడిగాను.

"భయానికేం టీచరమ్మా, అది రోజూ ఎక్కే ప్యాసింజరే. సీటివ్వను, నిలబడమంటాను" అంది.

మర్నాటి నుంచి బడికి సెలవు పెట్టి ల్యాబుకు వెళ్ళాను.

అది ఆసుపత్రి వెనకవైపు కింద అంతస్తులో ఒక పొడుగాటి గది. కిటికీలు లేవు. మూడు కంప్యూటర్లు, ఎక్స్‌రేలు చూసే వెలుగు పలక, కొక్కేలకు వేలాడుతున్న బరువైన సీసపు ఏప్రన్లు, తిరిగే ఇనుప స్టూళ్ళు. ఆ పాత ప్రింటరు మూలన ఉంది. ఎక్స్‌రేల మీద గుర్తులు పెట్టే అమ్మాయి ఒకతె నాకు కుర్చీ వేసింది. తమ్ముడు ఎదుటి బల్ల దగ్గర కూర్చునేవాడు. వాడితో నేను మాట్లాడలేదు. వాడు ఎడమచేత్తో, ఎవరెవరి దగ్గర కాపీలున్నాయో తెర మీద చూపించేవాడు. నేను రాసేదాన్ని.

అబద్ధం రాయలేను. నిజం రాయకూడదు. చివరికి ఇలా రాశాను: "మీ దగ్గరున్న కాపీని దయచేసి పూర్తిగా తీసేయండి. మేము మళ్ళీ కొత్తది ఇస్తాం. కారణం ఇప్పుడు చెప్పలేను. మీ పని మీద అనుమానంతో అడగడం లేదు. ఇది ఒకరి క్షేమం కోసం." ఒక్కొక్కరికీ వాళ్ళు ప్రోగ్రాంకి చేసిన సాయాన్ని తలుచుకుని ఒక వాక్యం కలిపేదాన్ని. చాలామంది వెంటనే తీసేశారు. ఒకాయన, నా కంప్యూటరు పోయిన నెలే చచ్చింది, దానితోపాటే మీ కాపీ కూడా, సంతాపం అక్కర్లేదు అని రాశాడు. అక్షరదోషాలు దిద్దినతను నా ఉత్తరంలో కూడా ఒకటి దిద్ది, తీసేశానని చెప్పాడు.

ముళ్లపంది తీయలేదు. ఎక్కడివాడో, ఏం చేస్తాడో ఎవరికీ తెలియదు. పెద్ద సంస్థలు తమ తప్పులు బయటపడినప్పుడల్లా తెరిచినదాన్ని మూసేస్తాయని, ఎందరో మనుషులు రాత్రనక పగలనక చేసిన పని వాళ్ళ చేతుల్లోంచి లాక్కుంటాయని, తను దానికి లొంగనని రాశాడు. నేను మళ్ళీ రాశాను. జవాబు నాకు ఇవ్వలేదు. ఇంకా మూయని, అందరూ చూసే చర్చల పేజీలో పెట్టాడు: "వీళ్ళు చెప్పలేని కారణం నేను చెబుతున్నాను. పాత మార్పుల్లో పేషెంట్ల ఫైలుంది. తప్పు జరిగిందని ఒప్పుకోవడానికి సిగ్గుపడుతున్నారు. తెరిచిన పనిలో దాపరికం ఏమిటి?"

అది చదివి తమ్ముడు ఎడమచేత్తో బల్లను కొట్టాడు. దవడకు కట్టిన తీగల మధ్య నుంచి ఏదో చప్పుడు వచ్చింది. సాయంత్రానికి ఆ మాటల్ని ఎవరో ఫోటో తీసి పంచారు. పత్రికలవాళ్ళు ఎత్తుకున్నారు.

కండక్టరు భర్త వచ్చింది ఆ తరవాత మూడో రోజు పొద్దున. ఏదో కాపీలోంచి ఫైలు పట్టి, అందులో ఉన్న అడ్రసుకు వెళ్ళి చూసుకున్నాడు, ఇల్లు ఖాళీగా ఉంది. అక్కడనుంచి మా దగ్గరికి వచ్చాడు. ఎముకల ఆసుపత్రిలో చేతికి కట్టున్న మనిషిని ఎవరూ ఆపరు. అతని కుడిచెయ్యి మణికట్టునుంచి మోచేతి దాకా తెల్లటి గుడ్డ చుట్టి ఉంది. గుమ్మంలో నిలబడి, డాక్టరుగారు ఇక్కడికి పంపించారండీ అన్నాడు. గుర్తులు పెట్టే అమ్మాయి చీటీ ఏదని అడుగుతూ లేచి వెళ్ళింది. అతను కట్టులోంచి కత్తి తీసి, రెండో చేత్తో ఆమె జడ పట్టుకుని వెనక్కి వంచాడు.

"మా ఆవిడ కొత్త అడ్రసు ఇవ్వండి. బస్సులో టికెట్లు కొడుతుంది. పేరు మీకు తెలుసు."

ఆ అమ్మాయి మెడ మీద సన్నటి ఎర్రగీత పడింది. డాక్టరమ్మ పై అంతస్తులో ఉంది. గదిలో నేను, నోరు విప్పలేని తమ్ముడు. కండక్టరు కొత్త అడ్రసు నాకు తెలుసు. ఆమె పాప బడి కూడా తెలుసు, నేనే చెప్పి చేర్పించాను.

"పిల్లను వదులు. రాసిస్తాను" అన్నాను. క్లాసులో మాట్లాడే గొంతే వచ్చింది.

"రాసి, గట్టిగా చదువు."

కాగితం తీసుకున్నాను. చెయ్యి రాయడం మొదలుపెట్టాక తెలిసింది, నేను రాస్తున్నది మా అమ్మాయి అడ్రసని. ఇంటి నంబరు, వీధి, కళ్ళద్దాల దుకాణం ఎదురు సందు. తడుముకోకుండా చదివాను. తమ్ముడు తల ఎత్తి నా వంక చూశాడు. కత్తి పట్టుకున్న మనిషికి అనుమానం రాలేదు. కాగితం అందుకోవడానికి జడ వదిలాడు.

తమ్ముడు అప్పుడు లేచాడు. పిండికట్టున్న చేతిని రోకలిలా తిప్పి అతని చెవి మీద కొట్టాడు. కట్టు పగిలి తెల్లటి పొడి లేచింది. అతను తూలాడే కానీ పడలేదు. కత్తి తమ్ముడి డొక్కలోకి దిగి, బయటికి వచ్చి, మళ్ళీ దిగింది. తమ్ముడు అతన్ని వదలకుండా రెండు చేతులతోనూ వాటేసుకున్నాడు, విరిగిన దానితో కూడా. నేను కొక్కెం మీదున్న సీసపు ఏప్రన్ లాగి అతని తల మీద వేశాను. దాని బరువుకు మనిషి ముందుకు వంగిపోయాడు. కత్తి నేల మీద పడి బల్ల కిందికి జారిపోయింది.

నేను ఇనుప స్టూలు ఎత్తాను. మొదటి దెబ్బకు అతను మోకాళ్ళ మీద పడ్డాడు. రెండో దెబ్బకు భుజం ఎముక లోపలికి పోయింది, అది నాకు స్టూలు పట్టుకున్న చేతుల్లో తెలిసింది. అతను ఏప్రన్ కిందనుంచి చెయ్యి బయటపెట్టి, తలకు అడ్డం పెట్టుకున్నాడు. ఆ చేతి మీద కూడా కొట్టాను. వద్దమ్మా, వద్దమ్మా అంటున్నాడు. అది వినిపిస్తూనే ఉంది, కొడుతూనే ఉన్నాను. ఎన్నిసార్లో తెలియదు. డాక్టరమ్మ వచ్చి వెనకనుంచి నడుం పట్టుకుని లాగేసరికి స్టూలు కాలు వంగిపోయి ఉంది. ఆ అమ్మాయి మూల ప్రింటరును కావలించుకుని నిలబడి ఉంది. తమ్ముడు నేల మీద పడుకుని, పొట్టను చేత్తో అదుముకుని, పైకప్పు చూస్తున్నాడు. వాడి పక్కన కూర్చుని నా కొంగు గాయంలోకి కుక్కాను. వాడు నా మణికట్టు పట్టుకున్నాడు. విడిపించుకోలేదు.

ఇన్‌స్పెక్టరు పాతవాడే. మంచి మనిషి. కండక్టరు భర్త ఎక్స్‌రేలు చూసి, కాగితం ముందు పెట్టుకుని, కలం మూత తీశాడు.

"పెనుగులాటలో స్టూలు మీద పడ్డాడని రాసుకుందాం టీచర్. ఎవరూ అడగరు."

"పడలేదు. నేను కొట్టాను."

"ఆత్మరక్షణకి కదా."

"మొదటిది. కత్తి చేతిలోంచి పోయాక కూడా కొట్టాను. అది కూడా రాయండి."

డాక్టరమ్మ అతని ఎక్స్‌రేలను ప్రోగ్రాంలో పెట్టి చూసింది. ముంజేతి మధ్యలో విరిగింది, కాచుకున్న చెయ్యి అని చూపించింది. పేరు రాయాల్సిన చోట ఒక నంబరు వేసింది.

నా మీద కేసు నడుస్తోంది. బడివాళ్ళు నన్ను పనిలోంచి పక్కన పెట్టారు. తమ్ముడు బతికాడు. పేగు కొంత తీసేశారు, ఇంకా మంచం మీదే ఉన్నాడు. నా కొడుకు రోజూ వాడికి గంజి పట్టుకెళ్ళి, ఆసుపత్రి గేటు దగ్గర నర్సు చేతికిచ్చి వచ్చేస్తాడు. లోపలికి వెళ్ళడు. వెళ్ళమని నేను చెప్పలేదు. కండక్టరు ఒక సాయంత్రం పాపను వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. పాప నా బల్ల దగ్గర కూర్చుని లెక్కలు చేసుకుంది, తల్లి వంటింట్లో నేను వద్దన్నా గిన్నెలు తోమింది.

ముళ్లపందికి చివరి ఉత్తరం ఆ గది కడిగించిన మర్నాడు రాశాను. చర్చల పేజీలో కాదు, అతనికి ఒక్కడికే. ఈసారి ఏదీ దాచలేదు. ఆ ఫైల్లో మూడో పేరు మా అమ్మాయిది అని రాశాను. రాడ్డు గురించి రాశాను. నువ్వు పేజీలో పెట్టిన మాటల తరవాత ఎవరు వచ్చారో రాశాను. నువ్వు అడిగిన ప్రశ్న మంచిదే, దాని జవాబు మాత్రం ఇది అని ముగించాను. రెండు రోజులకు జవాబు వచ్చింది. తీసేశాను, అన్న ఒక్క మాట. ఇంకో వారానికి మరో ఉత్తరం వచ్చింది. కాపీల నుంచి కాపీలు తీసుకున్నవాళ్ళను వెతికిపట్టే చిన్న ప్రోగ్రాం రాసి పంపాడు. దాని వల్ల మాకు తెలియనివాళ్ళు మరికొందరు దొరికారు. క్షమించమని అతను అడగలేదు. నేనూ ఆ మాట కోసం ఎదురుచూడలేదు. మొన్న మణికట్టు ఎముకల కొలతల మీద పేజీన్నర ప్రశ్నలు పంపాడు, వాటిని డాక్టరమ్మకు ఇచ్చాను.

డాక్టరమ్మ ప్రోగ్రాంను కొత్త పేజీ మీద మళ్ళీ తెరిచింది. పాత మార్పులేవీ లేవు, నర్సుల పేర్లూ కుర్రవాళ్ళ పేర్లూ లేవు. పాతవాళ్ళలో సగం మంది తిరిగి వచ్చారు. నేను పొద్దున్నే ల్యాబుకు వెళ్ళి నా కుర్చీలో కూర్చుంటాను. తీసేసినవాళ్ళకు కృతజ్ఞత రాస్తాను, తీయనివాళ్ళకు మళ్ళీ రాస్తాను.

తొమ్మిది కాపీలు ఎవరి దగ్గరున్నాయో తెలుసు, వాళ్ళు ఇంతవరకు జవాబివ్వలేదు. ఇంకో రెండు ఎవరి దగ్గరున్నాయో తెలియదు. ఆ పదకొండింట్లోనూ పద్నాలుగు పేర్లూ అలాగే ఉన్నాయి. వాటిని ఇంకా తీయించలేదు.